కుడివైపు బోల్టు

మొన్న కొత్త యాక్సిల్‌తో పెళ్ళికొడుకులా షెడ్డు గేటు దాటిన లారీ, ఇవాళ వెనక భాగమంతా నలగ్గొట్టుకుని తిరిగొచ్చింది. నడుపుతున్నది రోజూ నడిపే మేస్త్రి బావ కాదు, ఓనరే. బావ పక్క సీట్లో, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎవరో బలవంతాన ఎక్కించుకొచ్చిన మనిషిలా కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆ లారీలో బావ ఆ పక్క కూర్చోవడం మేస్త్రి ఎప్పుడూ చూడలేదు.

సంగతి అప్పటికే అక్క ఫోన్లో చెప్పింది. గోడౌను ముందున్న ఎత్తు మీద సిమెంటు లోడుతో లారీ ఆపి బావ కిందికి దిగాడు. సెల్ఫు సరిగ్గా పట్టడం లేదని ఇంజను ఆపలేదు, న్యూట్రల్‌లోనే ఉంచి హ్యాండ్ బ్రేకు వేశాడు. చక్రం కింద పెట్టడానికి చెక్క దిమ్మ తీసేలోపల లారీ దానంతటది వెనక్కి జారి, పల్లంలో ఉన్న గోడౌను గేటుని కూల్చి ఆగింది. దారిలోంచి పక్కకి దూకిన హమాలీకి చెయ్యి విరిగింది. అంతే, ప్రాణం పోలేదు. ఆ 'అంతే' అన్న మాట అందరూ అంటున్నారు, ఆ హమాలీ తప్ప.

ఓనరు దిగి తలుపు వేశాడు. గట్టిగా వెయ్యలేదు, మెల్లగానే వేశాడు. ఆయన అరిచే మనిషి కాదు. అరవని మనుషుల దగ్గరే మేస్త్రికి భయం.

"మేస్త్రీ, ఒక్క మాట. ఈయన హ్యాండ్ బ్రేకు వేశానంటాడు. వేస్తే లోడు లారీ ఎందుకు కదుల్తుంది? నీ పనిలో తేడా ఉండాలి. నీ పని బాగుంటే ఈయన వెయ్యనట్టు. రెంట్లో ఏదో ఒకటి. లోడు కూడా దించలేదు, అలాగే తెచ్చాను. కిందికెళ్ళి చూసి చెప్పు."

"వేశానండీ," అన్నాడు బావ, కిందికి దిగుతూ. "గాలి పోయిన చప్పుడు కూడా విన్నాను. వినకుండా నేను సీట్లోంచి లేవను."

"చూద్దాంలే బావా," అన్నాడు మేస్త్రి ధీమాగానే. ఆ క్షణంలో ఆయనకి నిజంగానే ఏ అనుమానమూ లేదు. గాలి పైపు ఏదైనా నలిగిందేమో, కొత్త యాక్సిల్ దగ్గర ఎక్కడైనా రాసుకుందేమో అనుకున్నాడు. చిరిగిన రెగ్జిన్ పట్టా నేల మీద పరిచి, టార్చిలైటు నోట కరుచుకుని, వెల్లకిలా లారీ కిందికి పాకాడు.

ఈ లారీల్లో హ్యాండ్ బ్రేకుని పట్టి ఉంచేది గాలి కాదు, స్ప్రింగు. వెనక యాక్సిల్‌కి కుడివైపొకటీ ఎడమవైపొకటీ చెంబు కంటే పెద్దవి, బిందె కంటే చిన్నవి రెండు ఇనప డబ్బాలుంటాయి. ఒక్కోదాని లోపల ఒక్కో బలమైన స్ప్రింగు. గాలి నిండితే స్ప్రింగు వెనక్కి తగ్గి చక్రం వదులవుతుంది. డ్రైవరు పిడి లాగి గాలి వదిలేస్తే స్ప్రింగు ముందుకి తన్ని చక్రాన్ని బిగబట్టేస్తుంది. యాక్సిల్ మార్చేటప్పుడు అది తన్నకుండా, డబ్బా వెనక కన్నంలోంచి పొడుగాటి బోల్టొకటి దూర్చి, నట్టు బిగించి, స్ప్రింగుని వెనక్కి లాగి కట్టేస్తారు. పని అయ్యాక ఆ బోల్టు తీసి, డబ్బా పక్కనే దానికోసం ఉన్న గూట్లో పెట్టి, కన్నానికి రబ్బరు మూత పెట్టాలి. తియ్యకపోతే ఆ డబ్బా ఉన్నా లేనట్టే.

ఎడమవైపు డబ్బాకి మూత ఉంది. మేస్త్రి వీపు మీద జరుగుతూ కుడివైపుకి వచ్చాడు. అక్కడ మూత లేదు. కన్నంలోంచి బోల్టు జానెడు పొడుగున బయటికి పొడుచుకొచ్చి ఉంది. దాని నట్టు, తను బిగించినదే, బిగించినట్టే ఉంది.

నోట్లోంచి టార్చి జారి చెవి పక్కన పడింది.

ఎప్పుడూ ఆయన కుడివైపు బోల్టు ముందు తీస్తాడు, తర్వాత ఎడమది. ఎడమది తీశాడంటే పని అయిపోయినట్టే, ఇక చేతులు తుడుచుకోవడమే. ఆ రోజు కుడివైపు పాత యాక్సిల్ అడ్డంగా పడి ఉంది. దాన్ని జరిపే ఓపిక లేక ఎడమవైపు నుంచి మొదలుపెట్టాడు. ఎడమ బోల్టు గూట్లో పెట్టి మూత నొక్కగానే, చెయ్యి తన అలవాటు ప్రకారం గుడ్డ కోసం వెతుక్కుంది. తర్వాత షెడ్డు ఆవరణలోనే పిడి లాగి, మొదటి గేరులో క్లచ్ వదిలి చూశాడు. ఇంజను మూలిగింది తప్ప లారీ కదల్లేదు. ఖాళీ లారీ, చదునైన నేల. దాన్ని పట్టుకోవడానికి ఒక్క ఎడమ డబ్బా సరిపోయింది. లోడుతో, ఎత్తు మీద సరిపోలేదు.

అంటే బావ పిడి లాగాడు. గాలి చప్పుడూ విన్నాడు. అంతా ఆయన చెప్పినట్టే జరిగింది.

"ఏమైనా కనపడిందా?" ఓనరు బూట్లు చక్రం పక్కకి వచ్చి నిలబడ్డాయి.

"చూస్తున్నానండీ."

చెయ్యి దానంతటది స్పానరు అందుకుందని చెప్పుకుంటే బాగానే ఉంటుంది. కానీ అది అబద్ధం. మేస్త్రి తెలిసే అందుకున్నాడు. ఈ ఓనరు లారీలన్నీ ఈ షెడ్డుకే వస్తాయి. ఒక్కమాట బయటికి పొక్కితే మిగతా ఓనర్లూ గేటు ముందు నుంచే బండి తిప్పుకుపోతారు. ఇదంతా ఆయన ఆలోచించాడు, నట్టు తిప్పుతూనే ఆలోచించాడు. నట్టు వదులయ్యేకొద్దీ లోపల స్ప్రింగు మెల్లగా ముందుకి జరిగి కూర్చుంటున్నది చేతికి తెలుస్తోంది. చివరికి బోల్టుని పావు చుట్టు తిప్పి బయటికి లాగాడు. గూట్లో పెట్టాడు. జేబులో మొన్నటి నుంచీ ఉండిపోయిన రబ్బరు మూత కన్నానికి నొక్కాడు. ఒక సిగరెట్టు కాల్చేంత సేపు కూడా పట్టలేదు. లారీకి హ్యాండ్ బ్రేకు బాగైపోయింది.

పాకుతూ బయటికి వచ్చేసరికి షెడ్డులో పనిచేసే వెల్డరు లారీ వెనక వంగి, నలిగిన ఇనప చట్రాన్ని వేళ్ళతో కొలుస్తున్నాడు. మేస్త్రి వంక చూసి మళ్ళీ చట్రం వంక చూశాడు.

"బాగానే ఉందండీ," అన్నాడు మేస్త్రి ఓనరుతో. ఆ మాట అన్నప్పటికి అది నిజం కూడాను. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

షెడ్డు పక్కనుంచి బ్రిడ్జి మీదికి ఎక్కే రోడ్డుంది. ఓనరు లారీని ఆ ఎత్తు మధ్యలో ఆపి, న్యూట్రల్ చేసి, పిడి లాగాడు. గాలి స్స్‌మని పోయింది. లోడు లారీ గోడ కట్టినట్టు నిలబడింది. ఓనరు దిగి, దాని చుట్టూ ఓ సారి నడిచి, చక్రాన్ని కాలితో తన్ని చూశాడు. బావ కూడా వచ్చి చూశాడు. ఒక అడుగు వెనక్కి వేసి, మళ్ళీ ముందుకి వచ్చి, లారీ కదులుతుందేమోనని చాలా సేపు చూశాడు. అది కదలాలని ఆయన కోరుకుంటున్నాడని మేస్త్రికి తెలుస్తూనే ఉంది.

"ఏం చెప్పమంటారు మరి?" అన్నాడు ఓనరు. గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "ఎవరికైనా ఒక రోజు పరధ్యానం ఉంటుంది. కానీ నేను మళ్ళీ తాళం మీ చేతికెలా ఇవ్వను?"

బావ జేబులోంచి రెండో తాళం తీసి, దానికి కట్టిన ఎర్ర దారం విప్పుకుని, తాళం మాత్రం ఇచ్చేశాడు.

* * *

అక్క ఇల్లు షెడ్డు వెనక వీధిలోనే. మర్నాడు సాయంత్రం ఆమె పిలిస్తే మేస్త్రి వెళ్ళాడు. వెళ్ళేసరికి ఆమె వంటగదిలో, ఆర్పేసి ఉన్న గ్యాసు పొయ్యి మీటల్ని మళ్ళీ తిప్పి చూస్తోంది.

"ఏంటక్కా అది?"

"మీ బావ ఇందాక టీ పెట్టుకున్నాడు. ఆపాడో లేదోనని."

"ఆపేసే ఉందిగా."

"ఉందిలే. ఈసారికి ఉంది." అక్క వాకిలి వైపు చూసి గొంతు తగ్గించింది. "నేనే కనిపెట్టలేకపోయాన్రా. ఇప్పుడు ఆలోచిస్తే అన్నీ గుర్తొస్తున్నాయి. పోయిన నెల గొడుగు బస్సులో మర్చిపోయొచ్చాడు. మొన్నామధ్య మందులషాపుకెళ్ళి, ఏం తేవాలో తెలీక ఫోన్ చేశాడు."

"గొడుగు నేనూ మర్చిపోతానక్కా."

"నువ్వు లారీ నడపవుగా."

అక్క కొంగుతో స్టవ్ గట్టు తుడుస్తోంది. అప్పటికే శుభ్రంగా ఉన్న గట్టుని మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

"ఆ మనిషి చెయ్యి కాబట్టి సరిపోయింది. తల మీదికెక్కుంటే? పడుకుంటే అదే కళ్ళముందు కనపడుతోంది నాకు. ఓనరు గారు కాకపోతే ఇంకొకరు ఇస్తారు లారీ, ఈయనకున్న పేరుకి. ఎక్కనివ్వకూడదురా. నేను చెబితే కస్సుమంటాడు. నువ్వు చెప్పు. బ్రేకు బాగానే ఉందని తేల్చింది నువ్వే కదా, నీ మాటైతే వింటాడు."

"నేనా?"

"నువ్వు కాకపోతే ఎవరున్నారు నాకు?"

మేస్త్రి బయటికి వచ్చాడు. బావ వరండాలో బల్ల మీద, ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు. పలకరిద్దామని దగ్గరికి వెళ్ళబోయి మేస్త్రి ఆగిపోయాడు. బావ గాల్లో లారీ నడుపుతున్నాడు. ఎడమ కాలు నొక్కాడు. చెయ్యి గేరు రాడ్డు మీద వేసినట్టు వేసి, అటూ ఇటూ ఆడించి న్యూట్రల్ చూసుకున్నాడు. తర్వాత చెయ్యి ముందుకి చాచి, లేని పిడిని పట్టుకుని లాగాడు. తల కాస్త వంచి చెవి పెట్టాడు. కాసేపాగి మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాడు.

నేల కింద చోటుంటే దూరిపోయేవాడే మేస్త్రి. దగ్గి, చప్పుడు చేసుకుంటూ వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"రారా బామ్మర్దీ. మీ అక్క నీకు ఫిర్యాదు చేసిందా? నిన్న రెండుసార్లు స్నానం చేశానంటుంది. ఒకసారి చేసి, ఇంకోసారి కాళ్ళు కడుక్కున్నానే బాబూ అంటే, అదిగో అదే మర్చిపోయారంటుంది."

బావ నవ్వాడు. మేస్త్రి కూడా నవ్వాలి కాబట్టి నవ్వాడు. బావ ఎర్ర దారాన్ని వేలికి చుట్టి విప్పుతున్నాడు.

"ఒరేయ్, నేనొకటి ఆలోచిస్తున్నా. చప్పుడు విన్నాను, విన్నాను అంటున్నాను కదా. రోజుకి ఎన్నిసార్లు వినే చప్పుడది. ఆ రోజు విన్నానో, ముందు రోజు విన్నది చెవిలో ఉండిపోయిందో ఎలా తెలుస్తుంది? నువ్వు రోజూ పళ్ళు తోముకుంటావు. ఇవాళ తోముకున్న సంగతి గుర్తుందా, లేకపోతే రోజూ తోముకుంటావు కాబట్టి ఇవాళా తోముకునే ఉంటావనుకుంటున్నావా?"

"బావా..."

"చెప్పు."

మేస్త్రి నోరు తెరిచాడు. మాట నాలుక చివరికి వచ్చింది. అప్పుడే అక్క టీ గ్లాసులు పట్టుకుని వచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. వచ్చినందుకు మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. ప్రాణం లేచొచ్చినందుకు వెంటనే సిగ్గేసింది. టీ వేడిగా ఉండగానే గుటగుటా తాగేసి, షెడ్డులో పనుందని లేచాడు. అక్క గుమ్మం దాకా వచ్చి, చెప్పావా అన్నట్టు కళ్ళతో అడిగింది. రేపు అన్నట్టు తల ఊపి తప్పించుకున్నాడు.

* * *

చెప్పడానికి ఆయనే వెళ్ళనక్కర్లేకపోయింది. మర్నాడు బావే షెడ్డుకి వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. పనిమీద వచ్చినవాడిలా లేడు, చుట్టపుచూపుకి వచ్చినట్టున్నాడు. మేస్త్రి ఓ చిన్న వ్యానుకి బ్రేకు లైనింగులు మారుస్తున్నాడు. బావ పాత టైరు ఒకటి దొర్లించుకొచ్చి, దాని మీద కూర్చుని, కాసేపు పని చూశాడు.

"రివిట్టు వంకరగా పోతోంది."

"పోవట్లేదు."

"పోతోంది. నీ కళ్ళు పోయాయి. మన ఇంట్లో అందరికీ ఏదో ఒకటి పోతోంది."

మేస్త్రి రివిట్టు పీకి చూశాడు. నిజంగానే వంకరగా పోయింది. ఇంకోటి పెట్టాడు.

"హమాలీ ఇంటికెళ్ళొచ్చాన్రా," అన్నాడు బావ.

సుత్తి ఆగింది.

"చేతికి కట్టేశారు, ఇక్కడ్నుంచి ఇక్కడిదాకా. రెండో చెయ్యి పట్టుకున్నాను, బాగున్నది. నాకు మతిమరుపొచ్చిందయ్యా, నా మతిమరుపు వల్ల నీకీ గతి పట్టింది, క్షమించు అన్నాను. చిన్నవాడు. వాడే ఏడ్చాడు. పోన్లే పెద్దాయనా, మా నాన్నకీ ఇలాగే ఉండేది అన్నాడు. వాళ్ళ నాన్నకి చివర్లో తన పేరే గుర్తుండేది కాదట."

మేస్త్రి రివిట్ల డబ్బాలో వేళ్ళు పెట్టి వెతుకుతున్నాడు. ఏం వెతుకుతున్నాడో ఆయనకే తెలియదు.

"నీ దగ్గరికీ అందుకే వచ్చాను. ఓనరు ముందు నేను వేశాను, వేశాను అంటూ నిలబడ్డానే, అంటే ఏమిటి? తప్పు నీది అన్నట్టే కదా. ఇంట్లో మనిషివి. నా చెయ్యి మర్చిపోయినదానికి నీ చేతి పనికి వంక పెట్టాను. మనసులో పెట్టుకోకు."

చెప్పాల్సింది అప్పుడే. ఇంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు. షెడ్డులో ఇద్దరే ఉన్నారు, దూరంగా వెల్డరు తన మంటలో తనున్నాడు. బావ తలెత్తి మేస్త్రి ముఖంలోకి చూస్తున్నాడు. ఆ చూపులో ఏదో ఒక మాట కోసం ఎదురుచూడటం ఉంది. కాదులే బావా, నువ్వు వేసే ఉంటావు అని ఉత్తుత్తిగా అన్నా సరిపోయేది.

మేస్త్రి అన్నది ఇదీ: "వయసు బావా. ఎవరికైనా వస్తుంది."

ఎందుకన్నాడో తర్వాత ఎంత తవ్వుకున్నా ఆయనకి దొరకలేదు. అక్క చెప్పమంది కదా అని సర్దుకోబోయాడు, కుదరలేదు. భయపడ్డ మనిషి ఒక అబద్ధం ఆడితే, దాన్ని నిలబెట్టుకోవడానికి ఎదుటివాడి కాళ్ళు విరగ్గొట్టడానికైనా వెనకాడడు. ఆ పని మేస్త్రి సుత్తి చేత్తో పట్టుకుని, ప్రేమగా, బావ అని పిలుస్తూ చేశాడు.

బావ తల ఊపాడు. "అవును. వస్తుంది," అన్నాడు. టైరు మీద నుంచి లేవడానికి పక్కనున్న స్తంభం పట్టుకున్నాడు. వచ్చినప్పుడు ఆ టైరుని తనే దొర్లించుకొచ్చిన మనిషి. "ఓనరు గోడౌను కాడ కూర్చునే పనేదో చూస్తానన్నాడు. చూద్దాం." గేటు దాకా వెళ్ళి ఆగి, చొక్కా జేబు తడుముకున్నాడు, ఏదైనా మర్చిపోయానా అన్నట్టు. ఏమీ మర్చిపోలేదు. వెళ్ళిపోయాడు.

వెల్డరు నల్లద్దాల ముసుగు పైకి లేపుకుని వచ్చి కుండలో నీళ్ళు ముంచుకున్నాడు. తాగి, మూతి తుడుచుకున్నాడు.

"ఒక మాట మేస్త్రీ. ఆ రోజు లారీ కింద నువ్వేదో తిప్పావు చూడు. నేనేం చూళ్ళేదు. నాకీ ముసుగేస్తే మంట తప్ప ఏం కనపడదు."

"నువ్వు ఆ రోజు ముసుగేసుకోలేదు."

"అదే చెప్తున్నా. నా వల్ల బయటికి రాదు. నువ్వు నిశ్చింతగా ఉండు."

మంచి మనసుతోనే అన్నాడు. ఆ మంచితనం మేస్త్రి వీపు మీద చరిచినట్టు తగిలింది. దొంగతనంలో తోడు దొరికినవాడిలా ఉంది తన పరిస్థితి. ఇప్పటిదాకా అది తనొక్కడి తప్పు. ఇకనుంచి వెల్డరు నీళ్ళు తాగడానికి వచ్చినప్పుడల్లా ఇద్దరూ కలిసి బావని ముసలివాణ్ణి చేస్తుండాలి.

చేతులు కడుక్కోకుండానే, గ్రీజు వేళ్ళతోనే ఓనరుకి ఫోన్ చేశాడు.

"లారీ ఓసారి చూడాలండీ. లోడుతోనే తీసుకురండి, ఖాళీది వద్దు. బావనీ తీసుకురావాలి."

"ఎందుకు? ఏమైనా తేడా ఉందా?"

"ఉందండీ."

* * *

మర్నాడు లారీని ఓనరు తెచ్చాడు. బావ ఈసారి కూడా పక్క సీట్లోనే వచ్చాడు. మేస్త్రి షెడ్డులోకి రానివ్వలేదు, బ్రిడ్జి రోడ్డు ఎత్తు మధ్యలోనే ఆపించాడు. ఇంజను నడుస్తుండగానే, చక్రాల ముందూ వెనకా దిమ్మలు పెట్టి, పట్టా పరిచి కుడివైపు కిందికి దూరాడు. గూట్లోంచి బోల్టు తీశాడు. మూత ఊడదీసి, కన్నంలో బోల్టు దూర్చి, పావు చుట్టు తిప్పి, నట్టు బిగించాడు. మొన్న విప్పినంత సేపే పట్టింది. బయటికి వచ్చి ముందు దిమ్మలు తీసేశాడు. మనుషులెవరూ వెనక లేకుండా చూసుకున్నాడు.

"బావా, ఎక్కు."

"నేనెందుకు? ఆయన్ని ఎక్కమను."

"నువ్వే ఎక్కాలి. న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేకు వెయ్యి."

బావ ఓనరు వంక చూశాడు. ఓనరుకీ ఏమీ అర్థం కాలేదు గానీ చెయ్యి ఊపాడు. బావ మెట్టెక్కి సీట్లో కూర్చున్నాడు. కూర్చున్నాక సీటు తనకి తగ్గట్టు జరుపుకున్నాడు. ఆయన కాలి బ్రేకు తొక్కి పట్టాక, మేస్త్రి వెనక దిమ్మల్ని చక్రానికి బెత్తెడు దూరంగా జరిపి, అవి కదలకుండా వాటి వెనక రెండు పెద్ద రాళ్ళు పెట్టాడు. బావ పిడి మీద చెయ్యి వేసి ఆగిపోయాడు.

"వేస్తున్నాను," అన్నాడు పైకే, సాక్ష్యం కోసం అన్నట్టు. "చూడండి. వేస్తున్నాను."

పిడి లాగాడు. స్స్‌మంది గాలి. బావ మెల్లగా కాలి బ్రేకు మీద నుంచి కాలు తీశాడు.

లారీ నిలబడింది. ఒక లిప్తపాటు మేస్త్రికి ఇంకో భయం పట్టుకుంది, కదలదేమోనని. తర్వాత లోడు కిర్రుమంది. చక్రం వెంట్రుకవాసి కదిలింది, ఇంకాస్త కదిలింది, బరువుగా వెనక్కి జారి దిమ్మకి తగిలి ఆగింది.

బావ ముఖం తెల్లబోయింది. కాలు బ్రేకు మీద పడింది. ఆయన చూపు పిడి వైపు తిరిగింది. మళ్ళీ మర్చిపోయాననే అనుకుని ఉంటాడు. పిడి లాగినట్టే ఉంది. దాని మీద తన చెయ్యి ఇంకా ఉంది. చాలా సేపు తన చేతినే చూసుకున్నాడు.

"వేశాను కదరా," అన్నాడు.

"వేశావు బావా. ఆ రోజూ వేశావు." మేస్త్రి గొంతు తను అనుకున్నదానికంటే చిన్నగా వచ్చింది. "కుడివైపు బోల్టు నేను తియ్యలేదు. ఉంచేశాను. మొన్న చూసేటప్పుడు కనపడింది, చప్పుడు చెయ్యకుండా తీసేశాను. ఇప్పుడు మళ్ళీ పెట్టాను. అదిగో, వంగితే కనపడుతుంది."

ఓనరు వంగి చూశాడు. లేచి, మోకాలికంటిన దుమ్ము దులుపుకున్నాడు. అప్పుడు కూడా అరవలేదు.

"అంటే నాలుగు రోజులుగా నీకు తెలుసు."

"తెలుసండీ."

"ఆ హమాలీ దగ్గరికి నువ్వెళ్ళి చెప్పుకో. నా బళ్ళు ఇంక నీ షెడ్డుకి రావు మేస్త్రీ. ఈ ఒక్కదానికీ నువ్వు పెట్టింది నువ్వే తీసెయ్యి." అని, బావ వైపు తిరిగి, ఏం అనాలో తెలియక, జేబులోంచి రెండో తాళం తీసి, కిటికీలోంచి ఆయన ఒళ్ళో పెట్టాడు. "కోపం పెట్టుకోకండి," అన్నాడు.

బావ ఆ మాట విన్నాడో లేదో. జేబులోంచి ఫోన్ తీసి, కళ్ళకి దూరంగా పట్టుకుని నొక్కుతున్నాడు.

"ఏమేవ్. నేను వేశాను. హ్యాండ్ బ్రేకే, ఇంకేం వేస్తాను. ఆ రోజు వేశాను. లేదే, ఎవరో అన్నది కాదు, ఇప్పుడు కళ్ళారా చూశాను. ఆఁ, వాడే చెప్పాడు. ఇక్కడే ఉన్నాడు." అవతల అక్క ఏదో అడుగుతోంది. బావ మేస్త్రి వైపు చూశాడు గానీ ఫోన్ ఇవ్వలేదు. "తర్వాత చెప్తాలే," అని పెట్టేశాడు. కళ్ళు తుడుచుకోవడానికి చొక్కా అంచు పైకి లాక్కున్నాడు. ఏడుస్తున్నాడా నవ్వుతున్నాడా తెలియలేదు. రెండూ కావచ్చు.

మేస్త్రి తిట్టు కోసం నిలబడి ఉన్నాడు. చెంప దెబ్బ కొడితే బాగుండుననుకున్నాడు. బావా బామ్మర్దులన్నాక ఒక దెబ్బతో పోయేవి చాలా ఉంటాయి. అక్క పెళ్ళైన కొత్తల్లో తను బావ సైకిలుని కాలవలో పడేసినప్పుడు అలాగే పోయింది.

బావ మెట్టు దిగి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"బోల్టు మర్చిపోయావు. సరే, మనిషన్నాక మర్చిపోతాడు. భయపడి దాచావు, అదీ సరే." బావ గొంతు చాలా మామూలుగా ఉంది. "నేను టైరు మీద కూర్చుని అడిగితే, వయసు బావా అన్నావు చూడు."

మేస్త్రి క్షమించమనడానికి ఒక మాట వెతుక్కున్నాడు. ఉన్న మాటలన్నీ బావ ముందే హమాలీ దగ్గర, మేస్త్రి దగ్గర, మేస్త్రి బదులు వాడేశాడు.

చక్రాల దిమ్మలు దగ్గరికి జరిపి, మేస్త్రి మళ్ళీ కిందికి దూరాడు. బోల్టు తీశాడు, గూట్లో పెట్టాడు, మూత నొక్కాడు. బయటికి వచ్చి దులుపుకుని, "అయిపోయింది బావా," అన్నాడు.

ఇన్నేళ్ళుగా ఆ మాట వినగానే బావ ఎక్కి స్టార్టు చేసేవాడు. కింద వంగి చూసిన పాపాన పోలేదు. ఎవరైనా చూసుకోమంటే, వాడు చేశాక చూసేదేంట్రా అని నవ్వేవాడు.

బావ కదల్లేదు. చేతిగడియారం తీసి జేబులో వేసుకున్నాడు. మేస్త్రి పరిచిన పట్టా మీద మోకాళ్ళూని, తర్వాత వెల్లకిలా పడుకుని, ఉతికిన చొక్కాతోనే లారీ కిందికి మెల్లగా జరిగాడు. ముందు ఎడమవైపు. మూత మీద వేలు పెట్టి నొక్కి చూసిన చప్పుడు వినిపించింది. తర్వాత కుడివైపు.

"రెండూ తీశాను బావా," అన్నాడు మేస్త్రి.

"టార్చి ఇటివ్వు," అన్నాడు బావ కిందినుంచి.

మేస్త్రి వంగి ఇచ్చాడు.